సి షిఫ్టువారికి టిఫిన్ లేదు

పెళ్లి కుదిరిన దగ్గర్నుంచి తాళి కట్టేదాకా ప్రతి మగవాడికీ తను మహా తెలివైనవాడినని అనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకు మరీ గట్టిగా అనిపించింది. ఉక్కు ప్లాంటులో ప్లానింగ్ సెక్షన్లో జనరల్ షిఫ్టు ఉద్యోగం నాది (అంటే ఇస్త్రీ నలక్కుండా ఇంటికొచ్చే రకం). కంప్యూటర్లో గళ్లు గీసి అంకెలు నింపితే లోకంలో ఏ చిక్కయినా విడిపోతుందని నమ్మేవాణ్ణి. మా వాళ్లలో పెళ్లి మగపెళ్లివారి దగ్గరే జరుగుతుంది కాబట్టి, కూర్మన్నపాలెంలో ఫంక్షన్ హాలు దగ్గర్నుంచి వక్కపొడి దాకా ఖర్చంతా మాదే. ఆడపెళ్లివారు ఎలమంచిలి నుంచి దర్జాగా వచ్చి కూర్చుంటారు.

నాకు ఉన్నది ఒకే ఒక్క కోరిక. డ్రోన్. దాన్ని నా బుర్రలోకి ఎక్కించింది మా మేనమామ కొడుకు. "బావా, పైనుంచి తీత్తే నువ్వు అచ్చం హీరోనాగుంటావ్" అన్నాడు. ఆ మాట నాకు బాగా నచ్చింది. కానీ డ్రోన్‌కి డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలి? సన్నాయి మేళం ముట్టుకుంటే నాన్న ఊరుకోడు, పట్టుచీరల జోలికెళ్తే అక్క ఊరుకోదు. చివరికి నా చూపు పొద్దున్న టిఫిన్ మీద పడింది. ముహూర్తం ఎనిమిదింటికి. నాన్న స్నేహితులంతా ప్లాంటువాళ్లే. ఎ షిఫ్టువాళ్లు ఆరింటికే డ్యూటీ ఎక్కుతారు, రారు. సి షిఫ్టువాళ్లు రాత్రంతా పనిచేసి ఆరింటికి దిగుతారు, ఇంటికెళ్లి పడుకుంటారు, రారు. మిగిలింది మధ్యాహ్నం డ్యూటీ ఎక్కే బి షిఫ్టు. ఆ లెక్కన మూడొందల ప్లేట్లలో నూట ఇరవై కొట్టేసి, నా మేధస్సుకు నేనే మురిసిపోయి, కాగితం తీసుకెళ్లి అమ్మకి చూపించాను.

అమ్మ కాగితం చూడలేదు, నన్ను చూసింది. "ఏట్రా, సి షిఫ్టోలికి కడుపుండదేటి?"

"రాత్రంతా నిద్ర లేనివాళ్లు పెళ్లికేం వస్తారే?"

"మీ నాన్న అన్నేళ్లు సి షిఫ్టు సేసి ఎన్ని పెళ్లిళ్లకి ఎల్నేదు! ఆల్ల ఇళ్లల్లో మనం తిన్నాం. మనింటికొచ్చినోడు ఒక్కడు ఆకలితో ఎల్నా, నాను ఈ కాలనీలో తలెత్తుకు తిరగనేను. నీకు నవ్వులాటగుందేటి?"

నాకు నవ్వులాటగానే ఉంది. కేటరింగ్ వాళ్లకి నూట ఎనభై అనే చెప్పాను.

పెళ్లినాడు పీటల మీద కూర్చున్నాను. నుదుటి మీద బాసికం, నాకూ పెళ్లికూతురికీ మధ్య తెర. ఆరుబయట మండపం కాబట్టి డ్రోన్ తుమ్మెదలా రొద పెడుతూ తిరుగుతోంది (పంతులుగారు మంత్రం ఆపి రెండుసార్లు దాన్ని కోపంగా చూశారు). అప్పుడు హాలు గేటు దగ్గర ప్లాంటు బస్సు ఆగింది. అందులోంచి యూనిఫాంలతో, బూట్లతో, ఎర్రబడ్డ కళ్లతో సి షిఫ్టు మొత్తం దిగింది. ఇంటికెళ్తే నిద్ర పట్టేస్తుందని, ముహూర్తం తప్పిపోతుందని అందరూ నేరుగా ఇక్కడికే వచ్చేశారు.

పావుగంటలో మా మేనమామ కొడుకు నా చెవి దగ్గర వంగాడు. "బావా, ఇడ్లీ అయిపోనాది."

"వడలు?"

"అయ్యి ముందే అయిపోనాయి. సాంబారుంది, ఉత్తి సాంబారు తాగుతారేటి? మీయమ్మ వంటగదిలో పట్టుచీర దోపుకుని ఉప్మాకి ఎసరెట్టించేస్తంది. నువ్వు కదలకు, డ్రోన్ నీ మీదకే వత్తంది. నవ్వు!"

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ వీడియోలో ఉంది. పన్నునొప్పికీ దానికీ తేడా కనిపించదు. తెర వెనకనుంచి సన్నగా ఓ గొంతు వినిపించింది. "ఏటైనాది?"

"టిఫిన్ సరిపోలేదు."

"లెక్కేసింది ఎవులు?"

"నేనే" అన్నాను. తెర కదిలేలా నవ్వింది. మా సంసారంలో మొదటి సంభాషణ అదే. తర్వాతివి కూడా ఇంచుమించు అలాగే సాగుతున్నాయి.

తాళి కట్టి తలెత్తేసరికి ముందు వరుసలో ఫర్నేసు మావ కనిపించాడు. నాన్నతో పాతికేళ్లు కలిసి పనిచేసిన మనిషి. ఒళ్లో హెల్మెట్ పెట్టుకుని, నోరు తెరుచుకుని కుర్చీలోనే నిద్రపోతున్నాడు. అమ్మ పొగలు కక్కే ఉప్మా ప్లేటుతో వచ్చి, "అన్నయ్యా, లే, తిను" అని భుజం తట్టింది. ఆయన ఉలిక్కిపడి లేచి, ప్లేటు వంక చూడనైనా చూడకుండా, "ఓలమ్మా, తాళి కట్టేసినాడేటి? నాను సూడనేదే!" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. రాత్రంతా మంట దగ్గర నిలబడి, నా పెళ్లి చూద్దామని వచ్చిన మనిషికి నా టిఫిన్ లెక్కలో నేను సున్నా వేశాను. పీటల మీంచి లేచి (పంతులుగారు వారిస్తున్నా) మెళ్లో దండతోనే ఆయన దగ్గరికి వెళ్లి ప్లేటు చేతికిచ్చాను. "మంచిగుండు బాబూ" అని నా తలమీద చెయ్యి వేసి, అప్పుడు తిన్నాడు. ఆయన తిన్నాకే అమ్మ మొహం తేటపడింది. అందరికీ ఉప్మా అందింది. అమ్మ నాతో మాత్రం మూడు రోజులు మాట్లాడలేదు.

ఆ తర్వాత ప్లానింగ్ సెక్షన్ నన్ను వదిలించుకుంది. ఇప్పుడు నేనూ షిఫ్టుల్లోనే ఉన్నాను. పోయిన నెల సి షిఫ్టు దిగి, ఇంటికెళ్తే పడుకుండిపోతానని, దువ్వాడలో మా తోటి ఉద్యోగి కొడుకు పెళ్లికి బూట్లతోనే వెళ్లాను. పెళ్లికొడుకు నన్ను చూడగానే నవ్వాడు గానీ, వెంటనే వాడి కళ్లు కంగారుగా టిఫిన్ బల్లవైపు పరిగెత్తాయి. పాపం, ఏ సెక్షన్లో చేస్తున్నాడో! నాకు నవ్వొచ్చింది. ఆకలి కూడా బాగానే వేస్తోంది.