అక్క పక్కన మూడో గడి

మా ఫోటోగ్రఫీ బృందంలో ఎవరైనా "ఇందులో ఏదో తెల్లటి ఆకారం పడింది, చూడు" అని ఫోటో పంపితే నవ్వి కొట్టిపారేసేది నేనే. అది ఫ్లాష్ వెలుగు పడిన దుమ్మనో, లెన్సు మీద వేలిముద్రనో, ఎదురెండ వల్ల వచ్చిన మెరుపనో రెండు ముక్కల్లో తేల్చేస్తాను. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇది రాస్తున్న ఈ నిమిషంలో కూడా లేదు. ఉంటే బాగుండేదేమో, కనీసం నింద వేయడానికి ఒకరు దొరికేవారు.

నేను తిరుపతిలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేస్తాను. ఫోటోలు తీయడం నా సరదా. నిజం చెప్పాలంటే ఫోటోల కంటే లెన్సుల మీదే మోజు ఎక్కువ. కొత్త లెన్సు చేతికొస్తే గోడలు, న్యూస్ పేపర్లు, స్కేళ్లు ఫోటోలు తీసి, కంప్యూటర్లో పెద్దవి చేసి అంచులు చూసుకుంటూ కూర్చుంటాను. మనిషిని తీసినా నేను చూసేది కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయా లేదా అని. ఆ మనిషి ముఖంలో ఏముందో చూడను. ఈ సంగతి మా ఆవిడ పెళ్లయిన కొత్తలోనే చెప్పింది. నేను వినలేదు.

పోయిన వేసవిలో ఎనభై ఐదు ఎం.ఎం. లెన్సు ఒకటి తెప్పించాను. ముఖాలు తీయడానికి వాడేది. నచ్చకపోతే పది రోజుల్లోపు తిప్పి పంపవచ్చు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నాలుగు రోజులు నిద్ర లేకుండా దానితోనే గడిపాను. పేపరు మీద అక్షరాలు, వాలుగా పెట్టిన స్కేలు మీద గీతలు అన్నీ స్పష్టంగా వచ్చాయి. ఇక మనుషుల మీద చూడాలి. మా ఆవిడ నా పరీక్షలకు కూర్చోవడం ఎప్పుడో మానేసింది.

మా విమలక్కది వడమాలపేట దగ్గర పల్లె. నాకంటే ఆరేళ్లు పెద్దది. బావకు కొంచెం చెరుకు, నాలుగు ఆవులు ఉన్నాయి. ఆ వారంలో అక్క రెండుసార్లు ఫోన్ చేసి, ఒకసారి వచ్చి పొమ్మంది. ఎందుకని నేను అడగలేదు. లెన్సు ముందు కూర్చోబెట్టడానికి ఇద్దరు మనుషులు దొరికారని మాత్రం అనుకున్నాను. ఆదివారం పొద్దున్నే బయలుదేరాను.

ఇక్కడి నుంచి జరిగింది జరిగినట్టు రాస్తాను. దాదాపు తొమ్మిదిన్నర. వసారాలో నీడ ఉంది, బయట వెలుతురు బాగుంది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు పక్కపక్కన వేసి, ఒకదాంట్లో బావను, ఇంకోదాంట్లో అక్కను కూర్చోబెట్టాను. అక్కకు అటుపక్క ఏమీ లేదు. వట్టి సిమెంటు నేల.

ఇప్పటి కెమెరాలు ముఖాన్ని వాటంతట అవే గుర్తుపట్టి, తెర మీద దాని చుట్టూ ఒక చిన్న గడి గీస్తాయి. ఇద్దరుంటే రెండు గడులు. ఫోకస్ ఎవరి మీద నిలిస్తే ఆ గడి పచ్చగా మారుతుంది. ఆరోజు తెర మీద మూడు గడులు వచ్చాయి. బావకు ఒకటి, అక్కకు ఒకటి, అక్క పక్కన ఖాళీ జాగాలో ఒకటి. పచ్చగా మారింది ఆ మూడోది.

ఇలాంటివి నాకు కొత్త కాదు. గోడ మీది మరకను, చెట్టు బెరడును కూడా కెమెరాలు ముఖాలనుకుంటాయి. అందుకే నవ్వి, నాకు తోచింది అనేశాను.

"అక్కా, ఈడ ముగ్గురు కూసోనుండారంట. కెమెరా చెప్తా ఉండాది."

పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడంట, అని బావ నన్ను ఎగతాళి చేశాడు. అక్క మాత్రం నవ్వలేదు.

"మద్దెలో ఉండేది నేనా?" అని అడిగింది.

మా ఇళ్లలో ముగ్గురు కలిసి ఫోటో దిగరు. దిగితే మధ్యలో ఉన్నవాళ్లకు కీడని మా అమ్మ కాలం నుంచీ ఉన్న మాట. తప్పనిసరి అయితే లెక్క నాలుగు కావాలని ఒడిలో ఒక చంటిబిడ్డనో, బిడ్డ లేకపోతే ఒక కొబ్బరికాయనో పెట్టుకుంటారు. మా పెళ్లి ఆల్బంలో మా పెద్దమ్మ అలాగే కొబ్బరికాయ పట్టుకుని నిలబడి ఉంటుంది. అక్క కుర్చీలోంచి లేచి, వంటింట్లో కాయ ఉంది, తెచ్చుకుంటానంది.

నేను ఒప్పుకోలేదు. స్టాండు మీద కెమెరా సర్దుకుని ఉంది. ఆమె లేస్తే కొలతలన్నీ పోతాయి. చదువుకున్నదానివి, ఇదేం పిచ్చి నమ్మకం అని కసురుకున్నాను కూడా. "గమ్మున కూసో అక్కా" అన్నాను. కూర్చుంది. చీర కొంగు ఒడిలో ముద్దగా చుట్టుకుని, రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది.

గోడ వల్ల వస్తోందేమోనని ఇద్దర్నీ బయట మామిడి చెట్టు కిందకు మార్చాను. అక్కడా మూడు గడులే. వెనక పశువుల పాక కనిపించేలా ఇంకోచోట కూర్చోబెట్టాను. మళ్లీ మూడే. పాత లెన్సు తగిలించి తెర మీద చూశాను, ఫోటో మాత్రం తీయలేదు. రెండు గడులే వచ్చాయి. కొత్తది తగిలిస్తే మళ్లీ అక్క పక్కన మూడోది. బావ, అక్క కుర్చీలు మార్చుకున్నా అది అక్క పక్కకే వచ్చింది. నాకు భయం వేయలేదు. నాసిరకం సరుకు పంపారని ఒళ్లు మండింది.

మళ్లీ వసారాలోకి వచ్చేసరికి మోటారుకు కరెంటు వచ్చింది. బావ లేచి చేను వైపు వెళ్లిపోయాడు. నాకింకో పరీక్ష మిగిలింది. ఫోకస్ మారేటప్పుడు లెన్సు లోపలి చప్పుడు వీడియోలో వినిపిస్తుందా లేదా చూడాలి. అక్కను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి రికార్డింగ్ పెట్టాను. తెర మీద ఇప్పుడు రెండు గడులు ఉన్నాయి. ఆ రెండు నిమిషాలూ నేను ఆ రెండో గడినే చూస్తూ ఉన్నాను. అంతకుమించి నాకేమీ గుర్తు లేదు.

అక్క అన్నం తిని పొమ్మంది. ఎండ పెరగకముందే ఇంకెక్కడైనా లెన్సు చూడాలని వచ్చేశాను. ఒక సీసాలో నెయ్యి పోసి బ్యాగులో పెట్టింది.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే నలభై మూడు ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా అక్క స్పష్టంగా లేదు. బావా లేడు. స్పష్టంగా ఉన్నది నేల మీద ఒక సన్నటి పట్టీ మాత్రమే, కుర్చీలకు ఒక అడుగు ముందు. అంటే ఫోకస్ గోడ మీదా చెట్టు మీదా నిలవలేదు. అక్కకు పక్కన, ఒక అడుగు ముందుకు, కూర్చున్న మనిషి తల ఎత్తున, ఏమీ లేని గాలిలో నిలిచింది. మూడు చోట్లా అంతే.

లెన్సు చెడిందనుకున్నాను. మర్నాడు మా ఆవిడను బతిమాలి కూర్చోబెట్టి తీశాను. వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చింది. కాలేజీలో నలుగురిని తీశాను. అందరూ బాగా వచ్చారు. బృందంలో పెద్దవాళ్లకు చూపిస్తే తలోమాటా చెప్పారు, ఏదీ పొసగలేదు. లెన్సు బాగుంది కదా అని ఉంచేసుకున్నాను. అక్క ఫోటోలు మళ్లీ ఎప్పుడైనా తీయొచ్చులే అనుకున్నాను.

ఇరవై రోజులు కూడా కాలేదు. పాలు పోసి వస్తూ అక్క దారిలో కూలబడిందని బావ ఫోన్ చేశాడు. నేను అప్పుడు పలమనేరు వైపు ఉన్నాను, స్నేహితుడి లెన్సు ఒకటి చూడ్డానికి వెళ్లి. నేను చేరేసరికి అంతా అయిపోయింది. గుండెపోటు అన్నారు.

మూడో రోజు బావ నన్ను పక్కకు పిలిచాడు. కర్మనాటికి పటం కావాలన్నాడు. అక్కకు ఉన్నవి ఆధార్ కార్డు మీద ఉన్న ముఖమూ, ఎవరి పెళ్లిలోనో గుంపులో వెనక నిలబడ్డదీ. "నువ్వు తీసినావు కదబ్బా ఆ పొద్దు, అన్ని తీసినావే. దాంట్లో మంచిది ఒకటి తెచ్చియ్యి" అన్నాడు. సరేనని తలూపాను. ఇంట్లో లెన్సులకు ఒక బీరువా పెట్టుకున్నవాణ్ని, సొంత అక్క ముఖం ఒక్కటి లేదని ఏ నోటితో చెప్పను?

ఆ సాయంత్రం నలభై మూడూ మళ్లీ తెరిచాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. మసకను స్పష్టం చేసే విద్యలన్నీ ప్రయోగించాను. అక్క కళ్లు బొమ్మ కళ్లలా తయారయ్యాయి తప్ప అక్క రాలేదు. చివరికి ఆ వీడియో గుర్తొచ్చింది. అప్పటిదాకా దాన్ని తెరవనే లేదు.

మొదటి నిమిషమంతా అక్క మసకగానే ఉంది. తర్వాత ఉన్నట్టుండి ఫోకస్ ఆ గాలిలోంచి కదిలి అక్క ముఖం మీదికి వచ్చింది. కనురెప్పలు, నుదుటి మీద చెమట, పెదవి పక్కన పుట్టుమచ్చ, అన్నీ. అక్క తల కొంచెం ముందుకు వంచి, చేను వైపు ఒకసారి చూసి, నాతో మెల్లగా మాట్లాడింది.

"ఒరే సుధా, రేపు సోమారం నన్ను తిరపతిలో ఆస్పత్రికి తోడుకోని పోతావా? గుండెకాడ పట్టేసినట్ల ఉంటాది. మీ బావకు ఇప్పుడే చెప్పొద్దు."

వెంటనే నా గొంతు వినిపించింది. "ఆ, సరేలేక్కా. తల కదిలించొద్దు."

అక్క తల వెనక్కి పెట్టుకుంది. ఫోకస్ మళ్లీ పక్కకు పోయింది. అక్క మసకైపోయింది. వీడియో అయిపోయేదాకా ఇక తిరిగి రాలేదు. మొత్తం కలిపితే ఏడెనిమిది సెకన్లు.

ఆ మాట నేను విన్న గుర్తు లేదు. సరే అన్న గుర్తూ లేదు. కానీ అది నా గొంతే. అక్క సోమవారం ఎదురుచూసిందో లేదో, తమ్ముడు మాటిచ్చాడు కదా అని పక్కింటివాళ్లతో కూడా చెప్పుకోకుండా ఊరుకుందో, అడగడానికి ఇప్పుడు మనిషి లేదు. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడు కూడా నాకు గుర్తు చేయలేదు. పనుల్లో ఉన్నానని అనుకుని ఉంటుంది. నేను ఉన్నది ఏ పనుల్లోనో నాకు తెలుసు.

పటానికి ఇంకో దారి లేదు. ఆ ఏడెనిమిది సెకన్లలోంచే ఒక ముఖం తీసి ప్రింటు వేయించాను. కర్మనాడు దండ వేసి పెడితే చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. పలకరిస్తా ఉన్నట్టే ఉండాది, తమ్ముడు కాబట్టి ఇట్ల తీసినాడు అన్నారు. బావ చాలాసేపు దాని ముందు కూర్చున్నాడు.

"నోరు కొంచెం తెరుచుకోనుండాది. ఏం చెప్తా ఉండె నీతో?" అని అడిగాడు.

"గుర్తు లేదు బావా" అన్నాను.

ఆ మూడో గడి ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ లెన్సుతో ఆ తర్వాత వందల మందిని తీశాను, ఎవరి పక్కనా అది రాలేదు. అక్క పక్కనే ఎందుకు వచ్చింది, ఆమె నన్ను అడిగిన ఆ కొన్ని సెకన్లు మాత్రం ఎందుకు తప్పుకుంది, ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి. నేను వాదించను.

మొన్న బావ ఫోన్ చేశాడు. సూళ్లూరుపేటలో ఉన్న మా మేనకోడలు తన ఇంట్లో కూడా వాళ్లమ్మది అదే ఫోటో పెట్టుకుంటానందట, ఇంకొకటి కావాలన్నాడు. ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి, నేనే తీసుకెళ్లి ఇచ్చాను. గోడకు మేకు కూడా నేనే కొట్టాను.