ముట్టుకోని కుక్క

మందకుక్కను ముట్టుకోకూడదు. మా ఇళ్లలో పిల్లలకు ఈ మాట నడక వచ్చేలోపే నేర్పేవాళ్లు. ఊరకుక్కను బుజ్జగించినా తరిమినా ఎవరూ ఏమీ అనరు. గొర్రెల మందలో పెరిగే కుక్కపిల్లను ఎత్తుకుంటే మాత్రం వీపు విమానం మోత మోగేది. నాకు రెండుసార్లు మోగింది. అయినా బుద్ధి రాలేదని తర్వాత తేలింది.

మాది ఏన్కూరు దగ్గర పల్లె. పంట కోశాక రైతులు మా గొర్రెలను పిలిచి మరీ చేలల్లో పడుకోబెట్టుకునేవాళ్లు, ఎరువు కోసం. అదే విత్తనం పడ్డాక గొర్రె గట్టు మీద కనబడితే కర్ర ఎత్తేవాళ్లు. అందుకని తొలకరి చినుకులు పడగానే మందను తోలుకుని వారం రోజులు నడిచి పినపాక వైపు అడవి అంచుకు చేరేవాళ్లం. మళ్లీ కోతలయ్యాకే తిరిగి రావడం. మా నాయినకు మోకాళ్లు పట్టేశాక ఆ ఐదారు నెలలూ నేనొక్కడినే. అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. నాకు ఇరవై రెండేళ్లుంటాయి.

అక్కడ నాకు చేతినిండా పని ఉండేది, నోటికే ఏ పనీ ఉండేది కాదు. నాలుగు రోజులకోసారి పక్క గూడెం నుంచి ఒక కోయ పెద్దాయన వచ్చి పుట్టగొడుగులు ఇచ్చి గొర్రెపాలు పట్టుకుపోయేవాడు. ఆయనకు తెలుగు కొంచెమే వచ్చు, నాకు కోయ అసలే రాదు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసి నవ్వుకునేవాళ్లం, అంతే. వాన పట్టుకుందంటే ఆయనా రాడు. గొర్రెను తిట్టడానికి నోరు తెరిస్తే నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

మా కుక్కల సంగతి చెప్పాలి. బూడిదరంగు, తొడ దాకా ఎత్తు, లావు మెడ, సన్నటి నడుము. అరవడం తక్కువ. తోక ఊపడం మరీ తక్కువ. మా తాత కాలంలో ప్రతి మందకూ రెండు మూడు ఉండేవట. ఊరకుక్కలతో కలిసిపోయి ఆ జాతి పలచబడింది. మంద నా చేతికి వచ్చేసరికి మా చుట్టుపక్కల అసలు రకం ఆడకుక్క మా ముసలిది ఒక్కటే.

దాని పిల్ల కళ్లు తెరవకముందే చేతికి గొంగడి ముక్క చుట్టుకుని పట్టుకెళ్లి ఈనిన గొర్రె పక్కన వేస్తాం. గొర్రెపాలు తాగుతుంది, గొర్రెపిల్లల మధ్య పడుకుంటుంది. కాస్త పెద్దయ్యాక జొన్న గట్క పెట్టినా, గిన్నె మంద నడుమ ఉంచి అది చూసేలోపే తప్పుకోవాలి. పేరు కూడా పెట్టం. పేరుంటే పిలవాలనిపిస్తుంది. మనిషి చెయ్యి రుచి మరిగితే అది మనిషి వెంట పడుతుంది, గొర్రెను వదిలేస్తుంది. అడవిలో చిరుత ఉంది, గుంపుగా వేటాడే రేసుకుక్కలున్నాయి. మాకు కావలసింది గొర్రెలే తన వాళ్లనుకునే కుక్క.

ఆ ఏడు ముసలిది అంత దూరం నడవలేక ఇంటి దగ్గరే ఉండిపోతే, నాతో దాని మూడు నెలల మగపిల్లను పంపారు. శ్రావణంలో తొమ్మిది రోజులు ఎడతెగని వాన. నాలుగో రోజు ఆ పిల్ల వణుకుతూ నా పాక గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. దాన్ని మందలోకి తోలాలి. నేను గొంగడి ఎత్తి లోపలికి రానిచ్చాను. దాని వీపు నా కడుపుకు ఆనుకున్నప్పుడు ఎంత హాయిగా అనిపించిందో దాచుకోను. ఆ తర్వాత నా చేతి అన్నమే తినేది. నేను మాట్లాడుతుంటే చెవులు నిక్కించి వినేది. ఒక పేరు కూడా పెట్టాను. అది ఇక్కడ చెప్పను, సిగ్గు.

కార్తీకంలో నాయిన నన్ను చూడటానికి వచ్చాడు. అప్పటికి బాగా ఎదిగిన ఆ కుక్క మందను దాటుకుని పరుగెత్తుకొచ్చి నా కాళ్లకు చుట్టుకుంది. ఆయన చుట్ట తీసి పక్కన పెట్టాడు.

"ముట్టినవురా?"

"వానకు తడుస్తుంటే..." అన్నాను.

"కుక్క తోక వట్టుకొని గోదారి ఈదుతనంటవు. ఈదు." చుట్ట మళ్లీ అందుకున్నాడు. మర్నాడే వెళ్లిపోయాడు. నాకు ముక్కు మీద కోపం. ముసలాయనకు చాదస్తం అనుకున్నాను.

నెల తిరగకుండానే ఉప్పూ మిరపకాయలూ అయిపోయాయి. మందను ముళ్లకంచెలో పెట్టి, కుక్కను కాపలా వదిలి, పొద్దున్నే సంతకు బయలుదేరాను. మంద కుక్కకు వదిలి పోవడం మాకు కొత్త కాదు, మా ముసలి ఆడకుక్క మంద వెంట తిరిగిన రోజుల్లో నాయిన రెండేసి రోజులు పోయొచ్చేవాడు. వాగు దాటేసరికి వెనక అడుగుల చప్పుడు. నా కుక్కే. రాయి విసిరాను, ఆగింది. మళ్లీ వచ్చింది. మళ్లీ విసిరాను. మూడోసారి వచ్చినప్పుడు రాయి చేతిలోనే ఉంది, విసరలేదు. తోడుగా ఒకరు నడుస్తుంటే ఆ దారి ఎంతో దగ్గరనిపించింది. సంతలో దానికి రెండు బజ్జీలు కూడా కొనిపెట్టాను.

మధ్యాహ్నానికి తిరిగి వచ్చాం. కంచె ఒక పక్క ఒరిగిపోయి ఉంది. రేసుకుక్కలు పట్టపగలే పడ్డాయి. తొమ్మిది గొర్రెలు చచ్చిపోయాయి, రెండింటికి ప్రాణం ఇంకా పోలేదు. మిగిలిన మంద ఒక మూలకు ఒదిగి, నన్ను చూసి కూడా బెదిరింది. నా కుక్క ఆ రక్తం వాసన చూసి నా కాళ్ల మధ్యకు దూరింది. ఆ క్షణం దాన్ని చంపేద్దామనిపించింది. చంపాల్సింది ఎవరినో నాకు తెలుసు కాబట్టి ఊరుకున్నాను.

కబురు అంది నాయిన వచ్చాడు. ఆ కుక్కను గూడెం పెద్దాయనకు ఇచ్చేశాడు. ఇంటి కుక్కగా అది సుఖంగానే బతికింది. నాకు దెబ్బలు పడతాయనుకున్నాను, పడలేదు. మరుసటి ఏడు మా ముసలిది ఆఖరి ఈత ఈనింది. ఒక్క ఆడపిల్ల బతికింది. నాయిన గొంగడి ముక్క నా చేతికిచ్చాడు.

"ఇది పోతే జాతి పోయినట్టే. నీ చేతులు కట్టేసుకుంటవో, నరుక్కుంటవో నీ ఇష్టం."

కట్టేసుకున్నాను. ఎంత వాన పడినా పాక గుమ్మానికి తడిక అడ్డం పెట్టుకున్నాను. అది మొదట్లో తడిక దగ్గర మూలిగేది. తర్వాత మానేసింది. ఏడాది తిరిగేసరికి నేనున్నానో లేనో కూడా పట్టనంత గట్టి కుక్కయింది. మందకూ అడవికీ మధ్య, నాకు వీపు పెట్టి కూర్చునేది. ఒకసారి చలిజ్వరంతో మూడు రోజులు పాకలోనే పడి ఉన్నాను. తడిక సందులోంచి అది కనబడుతూనే ఉంది. ఇటు తొంగి కూడా చూడలేదు. పడుకున్న చోటు నుంచే దాన్ని నానా బూతులూ తిట్టాను. నాలుగో రోజు లేచి లెక్క చూసుకుంటే ఒక్క గొర్రె తగ్గలేదు. ఆరేళ్లలో అది ఉండగా అడవికి ఒక్క గొర్రెను కూడా ఇవ్వలేదు. నాయిన పోయే ముందు దాన్ని చూసి, "గిట్ల పెంచాలె" అన్నాడు. ఆయన నోట నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

నాయిన పోయాక మేత భూములు కూడా పోయాయి. అడవి అంచున జామాయిలు తోటలు వేసి కంచెలు కట్టారు. ఊరివైపు పత్తి వచ్చింది, బీడు అనేదే లేకుండా పోయింది. మందను తల్లాడ దగ్గర వరుసకు మామ అయ్యే ఒకాయనకు అమ్మేశాను. గొర్రెలను తోలుకుపోతూ ఆయన అడిగాడు.

"అల్లుడా, కుక్కను గూడ తోలియ్యరాదు. నా మందల మగది ఉన్నది. జాతి నిలబడ్తది."

"ఇయ్య మామా. అది నాది."

"ముట్టని కుక్క నీదెట్లయితది?"

నాకు ఒళ్లు మండింది. ఇవ్వనంటే ఇవ్వనన్నాను. నిజానికి నా మనసులో ఒకటే ఉంది. ఇక గొర్రెలు లేవు, నియమమూ లేదు. ఆరేళ్లు ఆపుకున్న చెయ్యి ఇప్పుడు వెయ్యొచ్చు.

ఉచ్చు వేసి మెడకు తాడు కట్టి పెరట్లో ఉంచాను. మంద కనుమరుగయ్యాక దాని పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. కరవలేదు. తల కూడా తిప్పలేదు. నా చెయ్యి దానికి వాన చినుకుకంటే ఎక్కువేమీ కాదు. తల్లాడ దారివైపే చూస్తూ నిలబడింది. అన్నం పెట్టాను, పాలు పెట్టాను, కోడిని కోసి పెట్టాను. ముట్టలేదు. బతిమాలాను. చివరికి అరిచాను. నాలుగు రోజులకు పక్కటెముకలు తేలాయి. ఐదో రోజు పొద్దున తాడు పట్టుకుని బయలుదేరితే నన్నే లాక్కుంటూ నడిచింది.

తల్లాడ అవతల మామ మంద కనబడగానే తాడు విప్పాను. అది పరుగెత్తలేదు. నిదానంగా వెళ్లి గొర్రెల మధ్య ఒక్కొక్కదాన్నీ వాసన చూసుకుంటూ తిరిగింది. ఒక ముసలి గొర్రె దాని మూతి నాకింది. అప్పుడు తోక ఊపింది. ఆరేళ్లలో అది తోక ఊపగా నేను చూడటం అదే మొదలు. తర్వాత నీళ్ల తొట్టి దగ్గరికి పోయి కడుపునిండా తాగి, మంద అంచున చేలవైపు తిరిగి కూర్చుంది.

"మంచిగ పెంచినవురా అల్లుడా. అన్నం తిని పో," అన్నాడు మామ.

తిన్నాను. దానికి పదడుగుల దూరంలోనే కూర్చుని తిన్నాను. ఒక్కసారి ఇటు చూస్తే చాలనుకున్నాను. చూడలేదు. చూసి ఉంటే నేను సరిగా పెంచనట్టే.

బస్సెక్కాక ఏడుపు ఆగలేదు. పక్కన కూర్చున్న పెద్దమనిషి కండువా ఇచ్చి, "ఏమైంది తమ్మీ?" అని అడిగాడు.

"నా కుక్క సచ్చిపోయింది," అన్నాను. అది బతికే ఉందనీ, నేను లేకుండా హాయిగా ఉందనీ చెప్పడానికి నోరు రాలేదు.