గాజుతొట్టిలో పదకొండేళ్లు

ఇంట్లో ఒక ప్రాణం ఎందుకు పోయిందో అంతుపట్టకపోతే, నాకు తెలియదని మీరు చెప్పగలరా?

పదకొండేళ్లు నా బల్ల పక్క గాజుతొట్టిలో తిరిగిన బంగారు చేప ఒక ఉదయం చచ్చి తేలింది. నీళ్లు పరీక్షించాను, మొప్పలు విప్పి చూశాను. ఏ లోపమూ దొరకలేదు.

వాకాడు నుంచి అమ్మకానికి చేపలు తెచ్చే అక్క గంప దించి, తేలిన చేపను చూసి, "మీ ఇంటి గండం అది మోసుకపోయినాదిలే అన్నా" అంది.

"నీ గంపలోవి ఎవరి గండం మోస్తున్నాయక్కా?" అన్నాను.

ఆమె నవ్వింది. చేతులు కడుక్కుని, చచ్చిన బంగారు చేపను అరచేతిలోకి తీసుకుంది. "పుట్టినకాడ్నించీ చేపల్లోనే ఉండా. వల తగలకుండా ఇన్నేళ్లు బతికినదాన్ని ఇప్పుడే చూస్తా ఉండా" అంది.

గండాన్ని కొట్టిపారేశాను గానీ, దాని చోట పెట్టడానికి నా దగ్గరా కారణం లేదు. ఆ చిన్న శరీరం ముందు ఇద్దరం విస్మయంతో నిలబడిపోయాం.

తెలియని చోట గండాన్ని కూర్చోబెట్టకండి. తెలియదని ఇవాళే మీ పిల్లల ముందు పైకి చెప్పండి.