ఓడలో చంటిపిల్ల, చెంచాతో నీళ్ళు

మీ చంటిబిడ్డకు నీళ్ళ మీద ప్రయాణం పనికిరాదని మీతో చెప్పిందెవరు? బిడ్డను పరీక్షించిన డాక్టరా, లేక బిడ్డ ముఖమైనా సరిగా చూడని వీధి చివరి పెద్దమ్మా?

నాతో చెప్పింది మా అత్తగారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. అద్దంకికీ దర్శికీ మధ్య ఉన్న మా ఊళ్ళో అప్పటికి మిరప కోతలు అయిపోవచ్చాయి, కల్లాల్లో కాయ ఎండుతోంది. మా ఆయనది కేంద్ర ప్రభుత్వంలో చిన్న ఉద్యోగం. కుటుంబంతో ఎక్కడికైనా వెళ్ళి రావడానికి ప్రభుత్వం ఛార్జీలిచ్చే అవకాశం ఆ ఏడు వాడుకోకపోతే చేజారిపోతుంది. మద్రాసు నుంచి అండమాన్ వెళ్ళే ప్రయాణికుల ఓడలో మాకు టికెట్లు దొరికాయి. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదో నెల. పాకుతుంది, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది, నిలబడటం మాత్రం ఇంకా రాలేదు.

వసారాలో కాయలకు తొడిమలు తీస్తూ అత్తగారు ఈ వార్త విన్నది. చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"పుట్టెంట్రుకలు తియ్యని పిల్లని ఏరే దాటించకూడదంటారే! నువ్వు సముద్రం దాటిస్తానంటావేందమ్మాయ్?"

"పోయిన నెల ఒంగోలు పెళ్ళికి గుండ్లకమ్మ దాటాం కదత్తయ్యా."

"అది వంతెన. దాని కింద నీళ్ళున్నయ్యా? ఇసక!"

పక్కింటి పిన్ని పకపకా నవ్వింది. అత్తగారు నవ్వలేదు. "పిల్లకి ఏమన్నా అయితే ఎవురిదమ్మా పూచీ? నీ పుస్తకాలదా?" అంది.

ఆ ప్రశ్న నాకు గట్టిగానే తగిలింది. నేను పొన్నూరు పిల్లను. మా నాన్న నన్ను చిన్నప్పటి నుంచి సంస్కరణ సభలకూ వాదాలకూ వెంటబెట్టుకుని తిప్పాడు. సభలో మాట్లాడటం వేరు, చేతిలో బిడ్డను పెట్టుకుని మాట నిలబెట్టుకోవడం వేరు. పిల్ల క్షేమంగా తిరిగి రావాలి. అంతకన్నా పెద్ద వాదం నా దగ్గర లేదు. పూచీ నాదేనని చెప్పాను.

"అయితే నేనూ వస్తా. మీ ఇద్దరి చేతుల్లో పిల్లని పెట్టి ఇంట్లో కూకోలేను" అంది అత్తగారు. మా ఆయన తల గోక్కుంటూ ఇంకో టికెట్టు కోసం పరిగెత్తాడు.

మొట్టమొదట పిల్లను ఒంగోలులో పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. మీరూ మొదట చేయవలసింది అదే. ముహూర్తం రెండోది కూడా కాదు, అసలు లేనే లేదు. టీకాలన్నీ పడ్డాయో లేదో ఆయన చూశాడు. జ్వరం మందు ఎంత పోయాలో బరువును బట్టి చెప్పాడు. "నడక రాని పిల్లలకు ఓడలో కడుపులో తిప్పడం తక్కువమ్మా. వాంతులు చేసుకునేది మీరే. చనుబాలు మాత్రం ఆపొద్దు" అన్నాడు. ఓఆర్ఎస్ పొట్లాలు రాసిచ్చి, ఒక్కో పొట్లం ఎన్ని నీళ్ళలో కలపాలో నా చేత తిరిగి చెప్పించుకున్నాడు.

పాత నూలు చీరలు చింపి గుడ్డలు చేశాను. ఓడలో ఉతికిన బట్ట ఉప్పుగాలికి సరిగా ఆరదని ఇంతకుముందు వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పారు, అందుకని అవసరమనుకున్న దానికి రెట్టింపు పెట్టాను. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి ఉగ్గుపిండి కొట్టించాను. వేడినీళ్ళకు ఫ్లాస్కు, మూత ఉన్న స్టీలు గిన్నె, ఒక చెంచా. అత్తగారు తన మూట తనే కట్టుకుంది. అందులో ఏముందని నేను అడగలేదు. పెద్దావిడ మూట విప్పి చూడటం మా ఇళ్ళల్లో మర్యాద కాదు.

మద్రాసు రేవులో ఓడ ఎక్కేదాకా ఎండలో నిలబడటమే ప్రయాణం మొత్తంలో పిల్లను ఎక్కువ ఏడిపించిన పని. గొడుగు తీసుకెళ్ళండి, తడిగుడ్డ తీసుకెళ్ళండి. సముద్రం కన్నా రేవే కష్టం.

మా క్యాబిన్‌లో కింద రెండు, పైన రెండు పడకలు. మా ఆయన ఎక్కీ ఎక్కగానే పై పడక కమ్మీకి చీర కట్టి ఉయ్యాల వేశాడు. రేవులో ఉన్నంతసేపూ బాగానే ఉంది. ఓడ నడిసముద్రంలోకి వెళ్ళి ఒరగడం మొదలుపెట్టాక, ఖాళీ ఉయ్యాల గోడకు వెళ్ళి ఠపీమని కొట్టుకుంది. ఆ క్షణమే విప్పేశాను. పరుపు కిందికి లాగి, చుట్టూ పెట్టెలు పేర్చి, నేలమీద పడుకోబెట్టాను. నేలమీద ఉన్న బిడ్డ ఎక్కడి నుంచీ పడదు. ఓడలో ఉయ్యాల కట్టకండి, ఎంత ఏడ్చినా కట్టకండి.

డాక్టరు చెప్పినట్టే జరిగింది. మా ఆయన పై పడక ఎక్కి గోడవైపు తిరిగి పడుకుని, భోజనం పేరెత్తితే చేత్తోనే వద్దన్నాడు. నాకు తల దిమ్ముగా ఉంది. పిల్ల మాత్రం స్టీలు గిన్నె నేలకేసి కొడుతూ, ఓడ ఒరిగినప్పుడల్లా కేరింతలు కొట్టింది. డెక్కు మీదికి తీసుకెళితే చుట్టూ జనం మూగారు. తమిళులు, బెంగాలీలు, మన శ్రీకాకుళం వాళ్ళు, ఒకరి చేతుల్లోంచి ఇంకొకరు అందుకున్నారు. ఎవరో బిస్కట్టు పెట్టారు, ఎవరో అరటిపండు ముక్క పెట్టారు.

మర్నాడు పొద్దున్నుంచి పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. బిస్కట్టు వల్లో, పాకుతూ నోట్లో పెట్టుకున్న దేనివల్లో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియనిదాన్ని తెలియదనే అంటాను. మధ్యాహ్నానికి ఆట మానేసింది. గిన్నె పక్కనే పడి ఉంది. నా భుజం మీద తల వాల్చి, ఏడవకుండా చూస్తూ ఉంది. ఏడ్చే పిల్లను చూసి నేనెప్పుడూ భయపడలేదు, ఏడవని పిల్లను చూసి భయపడ్డాను.

ఓడలోని డాక్టరు దగ్గరకు ఎత్తుకెళ్ళాను. పొట్ట నొక్కి చూశాడు, నాలుక చూశాడు, చర్మం పట్టి వదిలి చూశాడు. ఓఆర్ఎస్ నీళ్ళు చెంచాతో కొద్దికొద్దిగా పడుతూనే ఉండాలన్నాడు, పాలు ఇస్తూనే ఉండాలన్నాడు. మూత్రం పోస్తుందో లేదో కనిపెట్టి ఉండమన్నాడు. పోయకపోయినా, కళ్ళు లోపలికి పోయినా వెంటనే మళ్ళీ తీసుకురమ్మన్నాడు.

క్యాబిన్‌కు తిరిగి వచ్చి పొట్లం తీశానో లేదో, అత్తగారు గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"కడుపు ఆడతా ఉంటే నీళ్ళు పోస్తారటే ఎవురన్నా? పోసిన కొద్దీ పోద్ది. పొట్ట ఎండబెట్టాల. మా పిల్లలందరికీ అంతే చేశాం."

"అత్తయ్యా, పోయిన నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి పిల్లకి? ఒంట్లోంచేగా?"

"నువ్వు వాదం చెయ్యమాక. అది దిష్టి. ఓడలోవోళ్ళంతా ఎత్తుకుని ముద్దులాడితే తగలదా? ముందు దిష్టి తీయనియ్యి, ఆ తర్వాత చూద్దాం."

ఈ 'ఆ తర్వాత' అన్న మాట దగ్గరే మన పల్లెల్లో బిడ్డలు వాడిపోతారు. ముందు దిష్టి, ఆ తర్వాత తాయెత్తు, ఆ తర్వాత మంత్రం, డాక్టరు అన్నింటికన్నా ఆఖర. ఈలోగా బిడ్డ నాలుక ఎండిపోతూ ఉంటుంది. నేను లేచి కాచిన నీళ్ళ కోసం ఫ్లాస్కు పట్టుకుని వంటశాలకు వెళ్ళాను. పిల్ల ఆవిడ ఒళ్ళో ఉంది.

తిరిగి వస్తుంటే నడవ మొదట్లోనే గొంతు పట్టేసింది. మా జిల్లావాళ్ళకు ఆ పొగ పరిచయం చేయనక్కర్లేదు. జనం తలుపులు తీసుకుని దగ్గుతూ బయటికి ఉరుకుతున్నారు. నేను లోపలికి దూరాను. స్టీలు పళ్ళెంలో కర్పూరం మండుతోంది, అందులో ఉప్పు చిటపటలాడుతోంది, మా కల్లంలోని మిరపకాయలు గుప్పెడు నల్లగా మాడుతున్నాయి. కిటికీ తెరుచుకునేది కాదు. మా ఆయన పై పడక మీద నుంచి జారి, దగ్గుతూ గోడ పట్టుకుని నిలబడ్డాడు. పిల్లను లాక్కుని డెక్కు మీదికి పరిగెత్తాను. అత్తగారు కొంగు మూతికి అడ్డం పెట్టుకుని నా వెనకే వచ్చింది.

ఓడ సిబ్బంది బకెట్లతో నీళ్ళు తెచ్చి ఆర్పారు. తెల్లబట్టల అధికారి ఒకాయన పళ్ళెం చేత్తో పట్టుకుని వచ్చి హిందీలో అరిచాడు.

"ఏందిరా అంటాడు?" అంది అత్తగారు కొడుకుతో.

"ఓడలో నిప్పు పెడితే అందరం పోతామంటున్నాడమ్మా. నువ్వు మూటలో కాయలెందుకు తెచ్చావంటున్నాడు."

"మన కాయ ఘాటు ఆడికేం తెలుసు, పాపం" అందావిడ ముక్కు తుడుచుకుంటూ. కళ్ళనీళ్ళు కారుతున్న మా ఆయనకు అంతలోనే నవ్వొచ్చింది. అధికారి మూటలో మిగిలిన కాయలు పట్టుకుపోయాడు.

గాలి తగిలాక పిల్ల దగ్గు ఆగింది, కానీ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అప్పుడు నాకు మా నాన్న సభల్లో చేసే పని ఒకటి పనికొచ్చింది. ఎదుటివాడిని వాడి సూత్రం మీదే నిలబెట్టి ప్రశ్నించేవాడు ఆయన.

"అత్తయ్యా, దిష్టి ఉంటే కాయ కాల్చినప్పుడు ఘాటు రాదంటారు కదూ?"

"రాదు. దిష్టి లాగేసుద్ది."

"మరిప్పుడు ఘాటొచ్చిందా, రాలేదా?"

చుట్టూ దగ్గుతున్న జనాన్ని ఆవిడ ఒకసారి చూసింది. చొక్కా చివరతో కళ్ళు తుడుచుకుంటున్న కొడుకును చూసింది. "ఓడంతా వచ్చె" అంది మెల్లగా.

"అంటే పిల్లకు దిష్టి లేదు. మీ లెక్క ప్రకారమే లేదు. ఇక నీళ్ళు పట్టనివ్వండి."

ఆవిడ పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. అడ్డం రాలేదు. నేను దిష్టిని ఒప్పుకున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోండి. ఆ సూత్రం తప్పని నిరూపించడానికి నాకు జీవితమంతా ఉంది. పిల్ల గొంతులో నీళ్ళు పోయడానికి అంత వ్యవధి లేదు.

మా ఆయన క్యాబిన్‌ నుంచి ఫ్లాస్కు, పొట్లం, గిన్నె, చెంచా తెచ్చిచ్చాడు, నీళ్ళు చల్లార్చి కలిపి డెక్కు మీదే నీడలో కూర్చుని మొదలుపెట్టాను. మొదటి చెంచా కక్కేసింది. కాసేపాగి మళ్ళీ పట్టాను. రెండోది నోట్లో ఉంచుకుని, ఆ రుచికి ముఖం చిట్లించి మింగింది. పాలిచ్చాను. మళ్ళీ చెంచా. ఇంకో విరేచనం అయినప్పుడు అత్తగారు "చూశావా" అన్నట్టు చూసింది. చూశాను, చెంచా మాత్రం దించలేదు. నాకే కడుపులో తిప్పి, కమ్మీ దగ్గరికి పరిగెత్తి వాంతి చేసుకుని వచ్చేసరికి, పిల్ల అత్తగారి ఒళ్ళో ఉంది, చెంచా ఆవిడ చేతిలో ఉంది.

"నువ్వు కూకో అమ్మాయ్. సగం కింద పోస్తన్నావు" అంది నా వైపు చూడకుండా.

పొద్దు సముద్రంలోకి దిగే వేళకు అత్తగారు ఉన్నట్టుండి కేకపెట్టింది. "తడిపింది! ఒరేయ్ అబ్బాయ్, చీరంతా తడిపిందిరా!" బెంగాలీ ముసలాయన ఎవరో ఏం ప్రమాదమోనని లేచి నిలబడ్డాడు. పిల్ల ఆవిడ ముక్కుపుడక పట్టుకుని లాగుతోంది. తడిసిన చీర చూసి నేను అంత సంతోషపడిన రోజు ఇంకోటి లేదు.

పిల్ల దీవిలో ఇసకలో ఆడింది, తిరుగు ప్రయాణంలో ఏ నలతా లేకుండా వచ్చింది. ఈసారి ఎవరి చేతి తిండీ పెట్టనివ్వలేదు. "డాక్టరు వద్దన్నాడు" అంటే ఏ భాషవాళ్ళైనా అర్థం చేసుకుంటారు, నొచ్చుకోరు.

ఊరికి వచ్చాక వసారాలో ఆడవాళ్ళంతా చేరారు. అత్తగారు కథ చెప్పింది. ఆవిడ కథలో పిల్లకు తగ్గింది దిష్టి తీయడం వల్లే. నాకు ఒళ్ళు మండింది. మాట అందుకోబోతుంటే, పక్కింటి పిన్ని తన మనవడికి రెండు రోజులుగా కడుపు సరిగా లేదని, పాలు ఆపామని చెప్పింది.

"ఆపమాక!" అని కసిరింది అత్తగారు. "పొట్లం నీళ్ళు చెంచాతో పట్టు. మా కోడలు దగ్గరుంది పొడి, పోయి తీసుకో. పాలు కూడా ఇయ్యి. దిష్టి నువ్వు ఎప్పుడన్నా తీసుకో, నీళ్ళు మాత్రం ఇప్పుడే."

పిన్నికి పొట్లం ఇచ్చి, కలపడం చూపించి, మొదటి చెంచా మింగేదాకా వాళ్ళింట్లోనే కూర్చుని వచ్చాను. అత్తగారితో దిష్టి మీద నా వాదం చాలా ఏళ్ళు సాగింది. ఆవిడ ఓడిపోయిందని చెప్పలేను.

మీరు ఓడ ఎక్కండి, రైలెక్కండి, ఇంట్లోనే ఉండండి. ఈ రోజే వీధి చివరి మందుల షాపుకు వెళ్ళి ఓఆర్ఎస్ పొట్లాలు తెచ్చి చేతికందే చోట పెట్టండి. ఎన్ని నీళ్ళలో కలపాలో ఇంట్లో ప్రతి ఒక్కరి చేతా చెప్పించండి. బిడ్డకు కడుపు పాడైన రోజున, నీళ్ళు ఆపమన్న చెయ్యి ఎంత పెద్దవారిదైనా సరే, పక్కకు తొలగించండి. చెంచా పట్టుకోండి, నీళ్ళు పట్టండి, డాక్టరు దగ్గరకు నడవండి.