తెల్ల చుక్క దగ్గర యాభై ఎనిమిది

రోడ్ల ఆఫీసులో ఆయన్ని అందరూ లోలకం మామయ్య అనేవారు. తడి రోడ్డు మీద టైరు ఎంత జారుతుందో కొలవడం ఆయన పని. మూడు కాళ్ల స్టాండుకు వేలాడే ఇనప చెయ్యి, దాని పాదానికి రబ్బరు ముక్క. రోడ్డు మీద నీళ్లు పోసి చెయ్యి వదిలితే రబ్బరు నేలను రాసుకుంటూ పోతుంది, ముల్లు ఒక అంకె దగ్గర ఆగుతుంది. నలభై అయిదు కన్నా దిగితే జారుడే. ఆ ఊపు చూసి ఆఫీసు గడియారం తన టైము సరిచేసుకునేదంటే నమ్మనివాళ్లు ఉన్నారు, వాళ్ల ఖర్మ. ఒకసారి నీళ్లలో మబ్బు కనబడితే దాన్నీ కొలిచాడు. పదకొండు వచ్చింది. మబ్బు మీద బండి నడపకూడదని అప్పుడే తేల్చేశాడు.

ఆయన ప్రాణమంతా పెద్ద మలుపు మీద. ఇరవై రెండేళ్ల కిందట అక్కడ తెల్ల రంగుతో చుక్క పెట్టుకున్నాడు. ఏటా వానలకు ముందు దాని పక్కన మోకాళ్లూని అయిదుసార్లు చెయ్యి వదిలేవాడు. ఏటా యాభై ఎనిమిదే. చెయ్యి వెళ్లి వస్తుంటే కళ్లు సగం మూతపడేవి. రోడ్డు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు, తాను దాని గుండె మీద చెవి పెట్టినట్టు ఉండేది.

ఆ ఏడు మేనకోడలు అదే ఆఫీసుకు ఇంజనీరుగా వచ్చింది, నీళ్లు చల్లుకుంటూ పరుగెత్తే కొత్త కొలత బండితో. పెద్ద మలుపు జారుతోందని బండి చెప్పింది. భేషుగ్గా ఉందని మామయ్య అంకెల పుస్తకం చెప్పింది. వానలు పది రోజుల్లో ఉన్నాయి. మలుపు తవ్వి మళ్లీ వెయ్యాలా వద్దా అన్నది తేలాలి. మామయ్యకైతే ఇరవై రెండేళ్ల పరువు తేలాలి.

"నీ బండికి ఇంకా పాలపళ్లే ఊడలేదు కోడలా. నాది ఇరవై రెండేళ్ల మాట."

"నీ మాట మారలేదు సరే. రోడ్డు మారలేదని ఎవరన్నారు మామయ్యా?"

"నా చుక్క అన్నది. పద."

మలుపులో రాకపోకలు ఆపించారు. మామయ్య కొత్త రబ్బరు తొడిగాడు, ఉత్త గాలిలో ఊపి సున్నా సరిచూశాడు, నీళ్లు పోశాడు. యాభై ఎనిమిది, యాభై ఏడు, మళ్లీ మూడుసార్లు యాభై ఎనిమిది.

"ఏమంటావిప్పుడు?"

ఆమె చుక్కనే చూస్తోంది. "రంగెప్పుడు దిద్దావు మామయ్యా? నిన్న వేసినట్టుంది."

గొప్ప చెప్పుకోబోయి ఆగిపోయాడు. మొదట్లో ఏటా దిద్దేవాడు, టైర్లు అరగదీసేవి. ఆరేళ్లుగా రంగు డబ్బా మూతే తియ్యలేదు. ఆరేళ్ల కిందటే మధ్యలో డివైడరు కట్టి, అవతల కొత్త పట్టీ వేసి రోడ్డు వెడల్పు చేశారు. బండ్లన్నీ అటు జరిగాయి, చుక్క డివైడరు అంచున మిగిలిపోయింది. చుక్క మీద టైరన్నది పడలేదు.

స్టాండు ఎత్తి రెండు బారల అవతల, బండ్లు నడిచే చోట దింపాడు. అక్కడ రాయి అరిగి అద్దంలా ఉంది, నీళ్లు పొయ్యగానే ఆకాశం అందులో దిగింది. చెయ్యి ఆ ఆకాశాన్ని అలా దాటిపోయింది.

ముప్పై ఆరు. మళ్లీ ముప్పై ఆరు. ముప్పై అయిదు.

మామయ్య మోకాళ్ల మీదే పుస్తకం తెరిచి, ఆరేళ్ల అంకెల పక్కన "చుక్కకు మాత్రమే" అని రాసి, ఒక్కోదాని కింద సంతకం పెట్టాడు.

"తవ్వించమని రాయమ్మా. నా పేరూ వెయ్యి."

హెచ్చరిక బోర్డు వచ్చేదాకా ఎర్ర జెండా పట్టుకుని ఆయనే మలుపులో నిలబడ్డాడు, చుక్క మీద.