మగ్గం నోరు మూయించిన అయ్యవారు

శ్రావణ మాసం రెండో సోమవారం, పొద్దున్న తొమ్మిదిన్నర గంటలకు ఏలూరు తివాచీల పాకలోంచి మా అమ్మను బయటికి పొమ్మన్నారు. గంట ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటారా? పొమ్మన్న పెద్దమనిషి జేబు గడియారం తీసి, గంట పైకి చదివి మరీ పొమ్మన్నాడు.

మొన్న మా మనవడు ఆఫీసులో కప్పిన ఉన్ని శాలువాను వానలో తడుపుకొచ్చాడు. దండెం మీద ఆరేస్తుంటే ఆ తడి ఉన్ని వాసనకు ఇదంతా గుర్తొచ్చింది. ఎవరో ఒకాయన వాణ్ణి మూడు రోజులు చల్లటి గదిలో కూర్చోబెట్టి, పనిలో ఎలా వినాలో, ఎలా నవ్వాలో నేర్పాడట. పాతికేళ్లుగా పని చేస్తున్నవాడికి! బాగా మారాడని ఈ శాలువా.

పంతొమ్మిది వందల ముప్పైల్లో మాట. నాకు పదేళ్లు. వానాకాలం వస్తే కొల్లేటి గాలి నీచువాసన మోసుకొచ్చేది, పాకలో దానికి రంగు కాగుల ఆవిరీ, మేస్త్రీ మస్తాను తాత నమిలే తమలపాకుల ఘాటూ తోడయ్యేవి, మధ్యాహ్నం చద్దన్నంలోకి ఎండుచేప కాల్చుకుని తిని, ఉన్ని నూగును గాల్లోకి ఊది ఎవరిది కింద పడకుండా నిలుస్తుందో అని పందేలు వేసుకునేవాళ్లం. మగ్గం ముందు చెక్క పలక మీద కూర్చునే అయిదుగురిలో ఒక్కరికీ అక్షరమ్ముక్క రాదు. నేను దిద్దుకున్నదే నలభై దాటాక. పువ్వుల వరసంతా మా అమ్మ మరియమ్మ నాలుక మీద ఉండేది. "ఎరుపు మూడు, నీలం రెండు" అని ఆవిడ రాగం తీస్తే, "వేశాం" అని మిగతా నలుగురం ముడి బిగించేవాళ్లం. ఎవరి ముడైనా వదులైతే మస్తాను తాత తిట్టడు. పక్కన కూర్చుని తనొక ముడి వేసి, మన వేలు దాని మీద ఆనించి లేచిపోతాడు. అంతే, జన్మలో మళ్లీ వదులు ముడి పడదు.

అలాంటి పాకలోకి యజమాని మద్రాసు నుంచి పని నేర్పే అయ్యవారిని దింపాడు. బూట్లు నిగనిగలాడేవి, ముడి వేసిన చెయ్యి మాత్రం కాదు. మా పిలుపులు ఆయనకు కబుర్లలా వినిపించాయి. గళ్లలో రంగుల పేర్లు రాసిన కాగితం తలా ఒకటి పంచాడు.

"చూసి నెయ్యండి. నోరు విప్పినవాళ్లు రేపట్నుంచి రానక్కర్లేదు. అర్థమైందా?"

"చిత్తమండీ" అన్నారందరూ. కాగితాలు తలకిందులుగా పట్టుకుని మరీ అన్నారు. మాకు చదువు రాదండీ అంటే ఎదురు చెప్పినట్టవుతుందని మావాళ్ల మర్యాద. తగలెయ్యాలి ఆ మర్యాదను.

రెండు వారాలు పాక చావింటిలా ఉంది. ఎవరికి గుర్తున్నది వాళ్లు నేశారు. ఆ సోమవారం అయ్యవారు వంగి చూస్తే, పువ్వు ఒక పక్క విచ్చుకుంది, రెండో పక్క ఇంకా మొగ్గే.

"ఇదేంటిది? ఒకళ్లనొకళ్లు అడగొచ్చుగా?"

"మాట్లాడొద్దన్నారు కదండీ" అంది అమ్మ.

అదీ నేరం. జేబు గడియారం బయటికి తీసి, పొమ్మన్నాడు. నాన్న లేడు, అమ్మ ఆ పలక మీంచి లేస్తే మా పొయ్యిలో నిప్పుండదు. అయినా తన చద్దన్నం తపేలా తీసుకుని, బయట వానకు చూరు కింద నిలబడింది.

మస్తాను తాత కత్తి తీసి, చెడిన వరసలన్నీ కోసి లాగేశాడు. అమ్మ చోట కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "ఎరుపు నాలుగు, పసుపొకటి!"

"అయ్యో బాబాయ్, మూడేనండీ! నీలం రెండు!" చూరు కిందనుంచి అమ్మ కేక.

"వేశాం!" అని నలుగురం అరిచాం.

"మతిమరుపే తల్లీ, నువ్వొచ్చి చెప్పు" అని తాత పక్కకు జరిగాడు. అమ్మ వచ్చి కూర్చుంది. అయ్యవారు నోరు తెరిచేలోపు యజమాని గుమ్మంలోకి వచ్చి, ఈ పాటేమిటన్నాడు.

"నేను కొత్తగా పెట్టిన పద్ధతండీ. అందరూ ఒక్క గొంతుతో పలకాలి" అన్నాడు మహానుభావుడు, రెప్ప వాల్చకుండా.

"ఏం మరియమ్మా, బాగా నేర్పారా?"

అమ్మ అయ్యవారి వంక ఒక్క చూపు చూసింది. "బాగా నేర్పారండీ."

ఆ అబద్ధంతో అమ్మ చోటు దక్కింది, ఆయనకు యజమాని కప్పిన శాలువా దక్కింది.

ఇప్పుడు పాక లేదు, అక్కడ మోటారు సైకిళ్లు అమ్ముతున్నారు. "వేశాం" అనే గొంతుల్లో నాదొక్కటే మిగిలింది. మనవడి శాలువా మడిచి వాడి పెట్టెలో పడేశాను.

ఆ రోజు పాకలో ఉన్నవాళ్లం: మస్తాను తాత, మా అమ్మ మరియమ్మ, ఖాసిం, బీబీజాన్, సుందరమ్మ, నేను రాహేలు, గుమ్మంలో యజమాని వెంకటరత్నం గారు. ఆ అయ్యవారి పేరూ గుర్తుంది. కష్టపడి నేర్చుకున్న అక్షరాలు, ఆయన పేరు మీద ఖర్చుపెట్టను.