మూడో అభ్యర్థి

మా దీవిలోని రోజ్ బెల్ ఊళ్లో మాకు తెలుగు నేర్పిన మాస్టారు, దీవికి స్వాతంత్ర్యం రాకముందు ఒకసారి ఎన్నికల్లో నిలబడ్డారు. అప్పుడు మా దగ్గర ఉన్నవి రెండే పార్టీలు. ఇంగ్లీషువాళ్లు పోవాలనేది ఒకటి, ఉండాలనేది ఇంకొకటి. మాస్టారు అడిగింది మాత్రం చెరుకుతోట కూలీల ఇళ్ల దగ్గర ఒక నీళ్ల కొళాయి. అక్కడి ఆడవాళ్లు బిందెలతో ఏటికి నడుస్తుంటే ఆయన చూడలేకపోయేవారు.

ఆయనతో చిక్కల్లా ఒకటే. ప్రతి మీటింగులోనూ కొళాయి గురించి రెండు మాటలు చెప్పి, ప్రత్యర్థులను అరగంట పొగిడేవారు.

"ఆయన బాగా చదువుకున్నవాడు. ఈయన మనసు మంచిది. అబద్ధం ఎందుకు చెప్పాలి?"

జనం చప్పట్లు కొట్టి, వెళ్లి చదువుకున్నాయనను గెలిపించారు.

ఆ సాయంత్రం పరామర్శకు వెళ్లాను. మాస్టారి భార్య టీ ఇస్తూ, తానూ ఆ చదువుకున్నాయనకే ఓటు వేశానని చెప్పింది.

మాస్టారు తెల్లబోయారు. "నువ్వు కూడానా?"

"బొన్, సరే గాని, మీరే కదా చెప్పినారు, ఆయన బాగా చదివినాడని. నేను నమ్మినాను."

"మరి కొళాయి?"

"గెలిచినాయనని అడగండి. మీరు అంతగా పొగిడినారు, కాదంటాడా?"

మర్నాడు పొద్దున్నే మాస్టారు అర్జీ రాసుకుని గెలిచినాయన గుమ్మానికి వెళ్లారు. అక్కడ ఆయనకంటే ముందే, ఓడిపోయిన రెండో పార్టీ అభ్యర్థి, ఆ మంచి మనసున్నాయన, పూలదండతో నిలబడి ఉన్నాడు.